తినమని చెప్పిన తపస్సు కాలం

2024లో, క్రిస్మసు కోసం ఎదురుచూసే ఆగమన కాలం మొదటి ఆదివారం డిసెంబరు 1న వచ్చింది. దానికి ముందురోజు శనివారం పొద్దున్నే, పరగడుపున, నేను క్షయ మాత్రలు మొదలుపెట్టాను. ఆరు నెలలు ఒక్క పూట కూడా మానకుండా వేసుకోవాలని డాక్టరు గారు చెప్పినప్పుడు నా భార్య వేళ్ళ మీద లెక్క వేసుకుని, "అంటే పెంతెకోస్తు దాకానండీ" అంది. ఈస్టరుకు ఏడు వారాల తరవాత వచ్చే పండుగ అది. పండుగలతో కాలాన్ని కొలవడం ఆమెకు పుట్టింటి నుంచి వచ్చిన అలవాటు. ఆ మాట నాకు ఎంత ఆసరా అయిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మాది ప్రకాశం జిల్లా టంగుటూరు ప్రాంతం. ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఆ ఏడాది దసరా తరవాత ప్రతి సాయంత్రం సన్నగా జ్వరం వచ్చేది, తెల్లవారేసరికి చెమటలు పట్టి తగ్గిపోయేది. గట్టిగా ఊపిరి తీసుకుంటే ఎడమ డొక్కలో పొడిచినట్లు నొప్పి వచ్చేది. చొక్కాలు వదులయ్యాయి. దగ్గు పెద్దగా లేకపోవడంతో ఇది క్షయ అయి ఉంటుందని ఇంట్లో ఎవరికీ తోచలేదు. చివరకు ఒంగోలులో ఎక్స్‌రే తీస్తే ఎడమ ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరినట్లు తేలింది. వీపులో సూది గుచ్చి ఆ నీరు తీశారు. సీసాలోకి దిగిన ఆ ద్రవం ఎండుగడ్డి రంగులో, తేటగా ఉంది. ఊపిరితిత్తిని కప్పి ఉండే పొరకు క్షయ సోకితే ఇలా నీరు ఊరుతుందనీ, గళ్ళలో క్రిములు లేవు కనుక నా వల్ల ఇంట్లోవాళ్ళకు సోకే భయం దాదాపు లేదనీ డాక్టరు గారు ఓపికగా వివరించారు. మొదటి రెండు నెలలు రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ అనే నాలుగు మందులు కలిపిన మాత్రలు, తరవాత నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగిలిన మూడూ వాడాలి. రోజుకు ఎన్ని మాత్రలన్నది బరువును బట్టి నిర్ణయిస్తారు. నా బరువుకు నాలుగు వచ్చాయి.

మా నెల్లూరు మేత్రాసనం, అంటే ఒక బిషపు కింద ఉండే కథోలిక ప్రాంతం, 1928లో ఏర్పడింది. మిల్‌హిల్ అనే మిషనరీ సంఘపు గురువులు ఈ ప్రాంతంలో విశ్వాసాన్ని నాటి, బడులు పెట్టి, మా తాతల తరానికి అక్షరాలు నేర్పారు. మా విచారణలో, అంటే మా గుడి పరిధిలో, క్రిస్మసు, మట్టల ఆదివారం, పెద్ద శుక్రవారం, మరియతల్లి ఉత్సవం ఎంతో భక్తితో జరుగుతాయి. అయితే పండుగకూ పండుగకూ మధ్య ఉండే కాలాన్ని కూడా ఆచరించవచ్చునని నాకు తెలిసింది రిటైరయ్యాక, బెంగళూరు శివార్లలోని ఒక బెనెడిక్టైన్ సన్యాసుల మఠంలో అతిథిగా ఉండటం మొదలుపెట్టిన తరవాతే. అక్కడ కాలం మారిందంటే గురువు తొడుక్కునే వస్త్రం రంగుతో పాటు భోజనం బల్ల మీది వంటకం, గుడిలోని పూలు, పాడే రాగం, చదివే గ్రంథం అన్నీ మారతాయి. డిసెంబరు 17 నుంచి 23 వరకు సాయంకాల ప్రార్థనలో మరియతల్లి స్తుతిగీతానికి ముందు రోజుకొకటి చొప్పున ఏడు పల్లవులు పాడతారు. "ఓ జ్ఞానమా", "ఓ ఉదయ తారా" అంటూ ప్రతి పల్లవీ రాబోయే రక్షకుణ్ణి ఒక్కో పేరుతో పిలుస్తుంది. ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలం మొదలయ్యాక "అల్లెలూయ" అన్న మాట మఠమంతటా ఎక్కడా వినిపించదు. పాస్కా జాగరణ రాత్రి, అంటే ఈస్టరు ముందు రాత్రి, అది తిరిగి వచ్చినప్పుడు, దాన్ని అన్ని వారాలుగా నోట పలకని వాళ్ళ గొంతులో ఉండే ఆత్రం వేరుగా ఉంటుంది.

ఆరవ శతాబ్దంలో ఇటలీలోని మోంతె కస్సీనోలో పునీత బెనెడిక్టు రాసిన నియమావళే ఈ జీవితానికి మూలం. చిన్న పుస్తకం, 73 అధ్యాయాలు. బైబిలులోని 150 కీర్తనలనూ వారంలో ఒకసారి పూర్తిగా పాడాలని చెప్పిన ఆయనే ఎవరు ఎంత తినాలో, ఎప్పుడు నిద్రపోవాలో, అతిథిని ఎలా ఆదరించాలో కూడా రాశారు. ఆ పుస్తకం నా దగ్గర ఏళ్ళుగా ఉన్నా, రోగుల గురించి చెప్పే 36వ అధ్యాయాన్ని మంచం పట్టిన తరవాతే అక్షరమక్షరం చదివాను.

మొదటి వారాలు చాలా కష్టంగా గడిచాయి. మాత్రలు వేసుకున్న గంటకే కడుపులో తిప్పేది. మూత్రం నారింజ రంగులోకి మారింది. అది రిఫాంపిసిన్ వల్లనేననీ, భయపడనక్కరలేదనీ ముందే చెప్పారు కనుక బెంబేలు పడలేదు. మోకాళ్ళూ మడమలూ పట్టేసేవి. ఆగమన కాలంలో వారానికొక కొవ్వొత్తి చొప్పున వెలిగించే వలయానికి మా ఇంట్లో సరుగుడు రెమ్మలు వాడతాం. సముద్రం వైపు తోటల నుంచి మా బావమరిది ఒక మోపు తెచ్చి ఇచ్చాడు. ఊదా రంగు కొవ్వొత్తులు మా దగ్గర దొరకవు కనుక నా భార్య మూడు తెల్ల కొవ్వొత్తులకు ఊదా రిబ్బను, ఒకదానికి గులాబీ రిబ్బను చుట్టింది. నా మాత్రల అట్టలు పెట్టే స్టీలు పళ్ళెం ఆ వలయం పక్కనే ఉండేది. మా ఆశా కార్యకర్త వచ్చి, "మాస్టారూ, ఖాళీ అట్ట చూపించండి" అని అడిగి, నొక్కి తీసిన గుంటల్ని వేలితో తడిమి చూసుకుని వెళ్ళేది. ఆ అమ్మాయి ఆ నాలుగు నిమిషాల పనిని ఎంత శ్రద్ధతో చేసిందో నేను మరిచిపోలేను. పౌష్టికాహారం కోసం ప్రభుత్వం క్షయ రోగులకు నెలకు ఇచ్చే 500 రూపాయల్ని ఆ నవంబరు నుంచే 1,000 చేసిందని చెప్పి, నా బ్యాంకు వివరాలు నమోదు చేయించింది కూడా ఆమే.

రోగం పట్టినవాడికి ఏ రోజు చూసినా ఒకేలా ఉంటుంది. పడుకోవడం, లేవడం, మాత్ర, జావ, మళ్ళీ పడుకోవడం. ఆ ఒకేలాంటి రోజులకు ఆగమన కాలం వరస కల్పించింది. రెండో కొవ్వొత్తి వెలిగించిన వారం జ్వరం తగ్గింది. మూడోది, గులాబీ రిబ్బనుది, వెలిగించే నాటికి అన్నం రుచి తెలిసింది. 17వ తేదీ నుంచి ఆ ఏడు పల్లవులూ నా భార్య చదివితే నేను కళ్ళు మూసుకుని విన్నాను. ఎదురుచూడటమే పనిగా పెట్టుకున్న కాలం అది. నేనూ ఎదురుచూస్తూనే ఉన్నాను కనుక, గుడికి వెళ్ళలేకపోయినా కథోలిక సభకు దూరంగా ఉన్నానని నాకు అనిపించలేదు. క్రిస్మసు మరునాడు మా విచారణ గురువు ఇంటికి వచ్చి దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో పంచే పవిత్ర అప్పం, ఇచ్చి వెళ్ళారు.

మఠంలో అతిథి గృహం చూసుకునే ఫాదర్ గారు తెలుగువారే. ఆయనకు నా జబ్బు సంగతి తెలిసి ఫోన్ చేశారు. "మాస్టారూ, 36వ అధ్యాయం తీయండి" అన్నారు. రోగుల సేవ అన్నిటికంటే ముందు, అన్నిటికంటే మిన్నగా జరగాలనీ, వారిలో సాక్షాత్తు క్రీస్తునే చూసి సేవించాలనీ బెనెడిక్టు అక్కడ ఆజ్ఞాపిస్తారు. ఆ వెంటనే రోగులకూ ఒక మాట చెబుతారు. తమకు జరిగే సేవ దేవుని గౌరవార్థం జరుగుతోందని గుర్తుంచుకుని, అనవసరమైన కోరికలతో సేవ చేసేవారిని నొప్పించకూడదట. ఆ రెండో మాట నన్ను బాగా పట్టుకుంది. పరుపు మీద కూర్చుని పిలవడం సులభం. పొయ్యి దగ్గర నుంచి లేచి రావడం ఎంత కష్టమో పిలిచేవాడికి తెలియదు.

జనవరి చివర్లో నాలుగు మందుల దశ ముగిసింది. ఫిబ్రవరి 2, ప్రభువును దేవాలయంలో సమర్పించిన పండుగ, 2025లో ఆదివారం నాడే వచ్చింది. ఆ రోజు నేను గుడికి వెళ్ళి, కొవ్వొత్తి పట్టుకుని అందరితో పాటు నడిచాను. మరునాడు పునీత బ్లెయిసు పండుగ. రెండు కొవ్వొత్తులను సిలువలా కలిపి గొంతు దగ్గర పట్టి ఆశీర్వదిస్తారు. ఊపిరి కోసం అవస్థ పడిన నాకు ఆ ఆశీర్వాదం ఎంత సొంతంగా తోచిందో మాటల్లో పెట్టలేను. మా చుట్టూ పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల నుంచి పొగ లేచే రోజులు కావడంతో కిటికీలు మూసుకుని ఇంట్లోనే ఎక్కువగా ఉన్నాను.

తపస్సు కాలం మొదలయ్యే విభూతి బుధవారం మార్చి 5న వచ్చింది. మా వైపు కథోలికులలో చాలామంది తపస్సు కాలం నలభై రోజులూ మాంసం, చేపలు ముట్టరు. నేనూ చిన్నప్పటి నుంచి అంతే. సభ నియమం ప్రకారం అరవై దాటినవారికి ఉపవాస బాధ్యత లేదు, రోగులకు అసలే లేదు. అయినా మనసు ఒప్పుకోదు. నా వల్ల తపస్సు కాలం తప్పిపోతుందన్న దిగులుతో మఠానికి ఫోన్ చేసి, ఈసారి నేనేం సమర్పించాలని ఫాదర్ గారిని అడిగాను.

ఆయన నియమావళి 49వ అధ్యాయం గురించి చెప్పారు. సన్యాసి జీవితమంతా తపస్సు కాలంలా ఉండాలని మొదలుపెట్టి, అంతటి బలం కొద్దిమందికే ఉంటుందని బెనెడిక్టు వెంటనే ఒప్పుకుంటారు. కనుక ఈ నలభై రోజుల్లో ప్రతి ఒక్కరూ తిండిలో, పానీయంలో, నిద్రలో, మాటల్లో కొంత తగ్గించుకుని ఆత్మ ఇచ్చే ఆనందంతో పాస్కా కోసం ఎదురుచూడాలి. కానీ తాను ఏం సమర్పించదలచాడో మఠాధిపతికి చెప్పి, ఆయన అనుమతితోనే చేయాలి. అనుమతి లేకుండా చేసింది గర్వం కింద లెక్కకు వస్తుంది తప్ప పుణ్యం కిందకు రాదు. ఇదంతా చెప్పి ఫాదర్ గారు, "మీకు నేను ఇచ్చే అనుమతి తినడానికి. రోజూ గుడ్లు తినండి, చేప తినండి, పాలు తాగండి. మాటల్లో తగ్గించుకోండి. పిలవడం తగ్గించుకోండి" అన్నారు.

ఆ నలభై రోజులూ నా భార్య తాను ముట్టని చేపను నాకోసం వండింది. పులుసు దించి, ముల్లు తీసిన ముక్కలు నా కంచంలో వేసి, తాను పచ్చిపులుసుతో అన్నం కలుపుకునేది. ఆమె ఎదుట కూర్చుని ఆ ముక్క నోట్లో పెట్టుకోవడం నేను జీవితంలో చేసిన ఏ ఉపవాసం కంటే బరువైన పని. వద్దనకుండా, సంజాయిషీ చెప్పకుండా తినడమే నాకు వచ్చిన ఆజ్ఞ. అలాగే తిన్నాను. తపస్సు కాలం ఆరంభంలో ప్రతి సన్యాసికీ ఒక గ్రంథం ఇచ్చి మొదటి నుంచి చివరి దాకా చదవమనే ఆచారం 48వ అధ్యాయంలో ఉంది. నేను బైబిలులోని యోబు గ్రంథం తీసుకున్నాను. ఈస్టరు నాటికి అది పూర్తయింది, నా బరువూ పెరిగింది.

ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర వారానికి మఠానికి వెళ్ళడానికి డాక్టరు గారు అనుమతి ఇచ్చారు. మాత్రల అట్టలు, ఊపిరి పీల్చి మూడు బంతుల్ని పైకి లేపే చిన్న ప్లాస్టిక్ పరికరం సంచిలో పెట్టుకుని శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. అక్కడ నాకు తెలిసిన ఒక సంగతి గురించి కాస్త వివరంగా చెప్పాలి. జబ్బు తరవాత నేను ఒక వాక్యం మొత్తం ఒక్క ఊపిరిలో చదవలేకపోయేవాణ్ణి. ముప్పై ఏళ్ళు తరగతి గదిలో పద్యాలు పాడినవాడికి అది చిన్న లోటు కాదు. మఠంలో కీర్తనలు పాడేటప్పుడు సన్యాసులు రెండు వరుసలుగా ఎదురెదురుగా నిలబడతారు. ఒక చరణం ఈ వరుస, మరో చరణం ఆ వరుస పాడుతుంది. పుస్తకంలో ప్రతి చరణం నడుమ ఒక నక్షత్రం గుర్తు ఉంటుంది. అక్కడికి రాగానే అందరూ ఆగుతారు. ఒక్క ఊపిరి పట్టేంత నిశ్శబ్దం. తరవాత అందరూ కలిసి రెండో సగం అందుకుంటారు. అంతకుముందు ఎన్నోసార్లు విన్నా ఆ విరామం ప్రార్థనకు అందం కోసమనే అనుకున్నాను. ఆ వారం అది నా ఊపిరితిత్తికి సరిగ్గా సరిపోయింది. సగం చరణం నాకు చాలు. ఎదుటి వరుస పాడుతున్నంతసేపూ విశ్రాంతి. ఎనభై దాటిన సన్యాసి ఒకరు నా పక్కన నిలబడి అలాగే పాడుతున్నారు. బలహీనుడు కూడా తప్పిపోకుండా పాడగలిగేలా ఆ పద్ధతిని ఎవరో ఎంతో ప్రేమతో అమర్చారని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పాస్కా జాగరణ ఏప్రిల్ 19 రాత్రి జరిగింది. ఆరుబయట కొత్త నిప్పు వెలిగించి, పెద్ద కొవ్వొత్తి మీద సిలువ, ఆల్ఫా, ఒమేగా, 2025 సంవత్సరపు అంకెలు గీసి, ఐదు సాంబ్రాణి గింజలు గుచ్చారు. చీకటి గుడిలోకి ఆ ఒక్క దీపంతో నడిచాం. గ్లోరియా అనే స్తుతిగీతం తరవాత బైబిలులోని ఉత్తరం చదివి, గురువు "అల్లెలూయ" ఎత్తుకున్నారు. మూడుసార్లు, ప్రతిసారీ స్వరం కాస్త పెంచి. మూడోసారి నా గొంతు కూడా అందరితో కలిసి పైకి వెళ్ళింది. డొక్కలో నొప్పి రాలేదు. సోమవారం మధ్యాహ్నం పోప్ ఫ్రాన్సిస్ కన్నుమూశారన్న వార్త వచ్చింది. ముందురోజే ఆయన ప్రజలకు ఈస్టరు దీవెన ఇచ్చారు. మఠంలో గంట మోగించి ఆయన ఆత్మ శాంతి కోసం ప్రార్థించారు. పాస్కా పాటల మధ్యలోనే ఆ ప్రార్థన కూడా జరిగింది. అది పండుగకు అడ్డం వచ్చినట్లు ఎవరూ ప్రవర్తించలేదు.

చివరి మాత్ర మే నెలాఖరున, క్రీస్తు మోక్షారోహణ ఆదివారానికి రెండు రోజుల ముందు వేసుకున్నాను. ఎక్స్‌రేలో నీరు పూర్తిగా పోయింది. ఎడమవైపు కింద పొర కాస్త మందంగా మిగిలింది. అది అలాగే ఉండవచ్చుననీ, ఊపిరి వ్యాయామం మానవద్దనీ డాక్టరు గారు చెప్పారు. ఆరు నెలలకొకసారి చొప్పున రెండేళ్ళ పాటు చూపించుకోవాలి.

జూన్ 8న పెంతెకోస్తు. మా గుడిలో ఎర్ర వస్త్రాలు, ఎర్ర మందార పూలు. సాయంత్రం ఇంటి వసారాలో నా భార్యా నేనూ ఎదురెదురుగా కూర్చుని కీర్తన చదివాం, చరణం ఆమె, చరణం నేను. నక్షత్రం గుర్తు దగ్గర ఆగడం ఆమెకు అలవాటు లేదు, ఆగకుండా వెళ్ళిపోయింది. నేను ఆగేసరికి తల ఎత్తి చూసి, "ఆయాసమా?" అని అడిగింది. కాదని చెప్పి, పుస్తకంలో ఆ గుర్తు చూపించాను. మరుసటి చరణం నుంచి ఆమె కూడా ఆగింది.