రోగి మంచం దగ్గర ఏ కీర్తన?

పలకరించడానికి వెళ్ళగానే బైబిల్లోని రోమా 8:28 ('దేవుణ్ణి ప్రేమించేవారికి అన్నీ మేలుకే జరుగుతాయి' అనే మాట) ఎత్తుకోకండి. మాట నిజమే, వేళ కాదు. బైబిల్లో అన్నీ పోగొట్టుకుని జబ్బుపడ్డ యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు 7 పగళ్లు, 7 రాత్రులు నేలమీద నోరెత్తకుండా కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడింది.

13వ కీర్తన చదవండి, ఆరే వచనాలు. 'ఎంతకాలం?' అని దావీదు నాలుగుసార్లు అడుగుతాడు, ఆపైన జవాబిమ్మంటాడు. నమ్మిక మాట 5వ వచనంలో గానీ రాదు. మనమేమో నేరుగా అక్కడికే దూకేస్తాం!

అదీ నోటికి రాకపోతే 88. మొత్తం 18 వచనాలు, చివర్న చీకటే, స్తోత్రం లేదు. అయినా మొదటి వచనంలో ఆ కీర్తనకారుడు దేవుణ్ణి తన రక్షణకర్త అనే పిలుస్తాడు. మెల్లగా చదవండి. వివరణ వద్దు. ఫ్లాస్కులో కాఫీ ఉంటే పోసివ్వండి.