కాలిల రాడ్, ఫోన్ల హెర్మన్ మైయర్
మిర్యాలగూడ నుంచి నల్గొండ వస్తుంటే ముందు పోయే కారు ఇండికేటర్ ఎయ్యకుండనే అడ్డం తిరిగింది, నా బండి పోయి దానికి తాకింది, కుడికాలు మోకాలు కింద విరిగి బొక్క తోలు చీల్చుకొని బయటికొచ్చింది. యాక్సిడెంట్ గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు, అందరివీ ఒక్క తీర్గనే ఉంటయి. తర్వాత నెలల సంగతే ఎవ్వరూ సరిగ్గ చెప్పరు.

నాది సుతారి పని. కట్టెల మీద ఎక్కి నిలబడి గోడ లేపేటోనికి కాలు లేకపోతే ఏముంది. బొక్క బయటికొచ్చిన కేసు గనక ముందు గాయం కడిగి బయట నుంచి రాడ్లు బిగించిన్రు, గాయం జర దారిల పడ్డంక అవి తీసి బొక్క లోపల నుంచే మోకాలు కాడికెళ్లి చీలమండ దాక పొడుగు రాడ్‌ను దింపి స్క్రూలు ఏసిన్రు. ఇంటికొచ్చినంక సలహాలు మొదలు. ఒకాయన పుత్తూరు కట్టు కట్టిద్దాం పా అంటడు, మా చిన్నమ్మ రోజూ పాయ తాగమంటది. మా అత్తది మర్రిగూడ దిక్కు, ఫ్లోరైడ్ నీళ్లతోని కాళ్లు వంకరపోయినోళ్లను చిన్నప్పటి సంది చూసిన మనిషి, "మన దిక్కు నీళ్లు తాగిన బొక్క అతుకుతదా అల్లుడా" అని కండ్లనీళ్లు పెట్టుకుంది. గా మాటకు నాకు నిద్ర పట్టలే. డాక్టర్‌ను అడిగితే ఎక్స్‌రే లైట్‌కు పెట్టి చూపించి, "నీ బొక్క మంచిగనే ఉంది, గా భయం వద్దు, సిగరెట్ మాత్రం ముట్టకు, అది తాగితే అతుకుడు లేట్ అయితది" అన్నడు.

గప్పుడే మా అక్క కొడుకు ఫోన్ పట్టుకొచ్చిండు. "మామా, నీ లెక్కనే సుతారి మేస్త్రి ఒకాయన ఉన్నడు, సూడు." ఆస్ట్రియాల ఫ్లాఖావ్ అనే ఊరు, హెర్మన్ మైయర్, మంచు మీద జారుకుంట పోయే స్కీయింగ్ రేసులు ఆడేటోడు. చిన్నప్పుడు స్కీ స్కూల్ల బక్కగున్నవని ఇంటికి పంపిస్తే ఎండకాలం ఇటుకలు పేర్చుకుంట, చలికాలం స్కీయింగ్ నేర్పుకుంట బతికిండంట. 1998 నగానో ఒలింపిక్స్‌ల డౌన్‌హిల్ అనే, అన్నిటికంటే స్పీడ్‌గ దిగే రేసుల గాలిల ఎగిరి తలకిందులుగ పోయి కంచెలు తెంపుకొని పడ్డడు, మూడు రోజులకే సూపర్-జీల గోల్డ్, ఆ తర్వాత జెయింట్ స్లాలమ్‌ల ఇంకో గోల్డ్. సూపర్-జీ అంటే ఏందో నాకూ తెల్వదు అప్పటిదాక, గేట్లు దూరం దూరం పాతి వాటి నడుమ నుంచి వంద కిలోమీటర్లు దాటిన స్పీడ్‌ల తిప్పుకుంట దిగాలె, ముందుగాల ట్రయల్ రన్ ఉండదు, నిలబడి చూసుకునుడే, తర్వాత ఒక్కటే సారి దిగుడు.

అయితే నన్ను పట్టుకున్నది గా గోల్డులు కాదు. 2001 ఆగస్టుల ఈయన మోటర్‌సైకిల్ మీద పోతుంటే కారు తాకి కుడికాలు మోకాలు కింద నుజ్జు అయింది, తీసేయాల్సి వస్తదేమో అనే దాక పోయిండ్రు, ఆఖరికి టైటానియం రాడ్ ఏసిన్రు. అదే కుడికాలు! 2002 ఒలింపిక్స్ పోయినయి. 2003 జనవరిల స్విట్జర్లాండ్‌ల ఆడెల్‌బోడెన్ కాడ జెయింట్ స్లాలమ్‌ల మళ్లా దిగితే, అది రెండు సార్లు దిగే రేసు, రెండో రన్‌కు కూడా క్వాలిఫై కాలే. అదే నెల 27న ఆస్ట్రియాల కిట్జ్‌బ్యూయెల్ కాడ సూపర్-జీ గెలిచిండు. తర్వాత సీజన్ల ఓవరాల్ వరల్డ్ కప్, అంటే సీజన్ మొత్తం రేసుల పాయింట్లు కలిపి ఇచ్చే కప్పు, అది కూడా కొట్టిండు, అది నాలుగోసారి. 2009ల రిటైర్ అయ్యేనాటికి వరల్డ్ కప్ రేసులల్ల 54 గెలుపులు.

మావోడు చూపించిన వీడియోల మోటర్‌సైకిల్, హాస్పిటల్, ఒక జిమ్ము, వెంటనే మంచుల గెలుపు. ఏడాదిన్నర కథ పది నిమిషాలల్ల అయిపోయింది. నాకు కోపమొచ్చింది, నిజంగ. నేనున్నది వీడియోల కోసేసిన గా నెలలల్ల కదా. వాకర్ పట్టుకొని బాత్రూం దాక పోయి చెమటలు పట్టి తిరిగొచ్చుడు, పిక్క ఎండిన బెండకాయ లెక్క అయిపోవుడు, చీలమండ వంగకపోవుడు, ఇంటామె పొద్దున్నే పొలం పనికి పోయి సాయంత్రం నా కాలుకు కట్టు మార్చుడు. గివి ఏ వీడియోల ఉంటయి?

ఫిజియోథెరపీ పిల్లగాడు బరువు చూసే మిషన్ తెచ్చి కిందపెట్టి, "అన్నా, కుడికాలు దీని మీద పెట్టి పది కిలోలు వచ్చేదాక మెల్లగ నొక్కు, దాటనీయకు" అన్నడు. ముల్లు పది కాడికి రాంగనే నా చేతులు వణికినయి. తర్వాత పదిహేను, ఇరవై. రెండో కాలుతోని సమానం వచ్చేసరికి వానకాలం పోయి చలికాలం వచ్చింది. కొన్ని రోజులు ముల్లు ఎనక్కు కూడా పోయింది, గా రోజు నేను ఎవ్వరితోని మాట్లాడలే. ఆడెల్‌బోడెన్‌ల రెండో రన్‌కు రాలేకపోయిన నాడు హెర్మన్ ఇంటికి పోయి ఏం చేసిండో అని గప్పుడు అనిపించింది, అన్నం తిన్నడా లేదా.

ఇప్పుడు పని చేస్తున్న. ముందు కింద కూసోని ప్లాస్టరింగ్, తర్వాత మోకాలెత్తు గోడ, మొన్న చిట్యాల కాడ ఒక ఇంటికి రెండో అంతస్తు దాక ఎక్కిన. దిగేటప్పుడే భయం, ఎక్కేటప్పుడు లేదు. చలికి మోకాలు కింద గుంజుతది. రాడ్ ఇంక లోపల్నే ఉంది, నొప్పి లేకపోతే ఉండనీ అంటడు డాక్టర్, తీయించెయ్ పీడ పోతది అంటది మా ఇంటామె, తీయిస్తే మళ్లా కొన్ని వారాలు పని బందు. ఈ ఇంటి స్లాబ్ పడ్డంక చూద్దాం అని ఇద్దరికీ చెప్పిన.