షెట్లాండ్‌లో రంగుల ఊలు వెంట

స్కాట్లండ్‌లోని ఆబర్డీన్ రేవులో సాయంత్రం ఓడ ఎక్కినవాళ్లు మర్నాడు ఉదయం ఏడున్నరకు, ఆ దేశానికి ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల ముఖ్యపట్టణమైన లెర్విక్‌లో దిగుతారు. సెప్టెంబరు ఆఖరులో ఆ ఓడ ఎక్కితే మాత్రం, తోటి ప్రయాణికుల్లో అల్లిక వచ్చినవాళ్లెవరో ఎవరినీ అడగకుండానే పోల్చుకోవచ్చు. 2010లో మొదలైన షెట్లాండ్ ఊలు వారోత్సవానికి ప్రతి ఏడూ ఒక టోపీ నమూనాను ప్రకటించడం ఆనవాయితీ. ఉత్సవానికి వచ్చేవాళ్లలో చాలామంది ఆ టోపీని తమకిష్టమైన రంగుల్లో ముందుగానే అల్లి, తలకు పెట్టుకుని వస్తారు. ఓడలోని భోజనశాలలో ఎటు చూసినా అదే నమూనా, అవే కుట్లు. అయినా ఒకదాన్ని పోలినది మరొకటి లేదు. ఒకరి టోపీలో బొమ్మ దూరం నుంచే మెరుస్తోంది, మరొకరి టోపీలో అదే బొమ్మ వెనక రంగులో ఇంకిపోయి, దగ్గరకు వెళితే తప్ప కనబడడం లేదు. మా అక్క కాసేపు అందరి తలలూ పరకాయించి చూసి, "ఇదిగో చూడవే, వీధిలో అందరూ ఒకే ముగ్గు వేసి, రంగులు మాత్రం ఎవరింటి ముందు వాళ్లు నింపుకున్నట్టుంది" అంది.

అక్కది విశాఖపట్నం, నేను ఉండేది ఎడిన్‌బరో. మా ఇద్దరికీ అల్లిక నేర్పింది అమ్మే. సముద్రపు ఉక్కలో ఊలుతో పనేమిటని అడిగినవాళ్లకు అమ్మ పసిపిల్లల టోపీలు, మేజోళ్లు చూపించేది. ఆ రోజుల్లో మాకు దొరికిన ఊలు మెరుపులీనే కృత్రిమ దారం. ఎరుపంటే ఒక్కటే ఎరుపు, ఆకుపచ్చంటే ఒక్కటే ఆకుపచ్చ. ఊలు రంగంటే అంతేనని చాలా కాలం అనుకున్నాను.

లెర్విక్‌లో కమర్షియల్ వీధి రాతిపలకలు పరిచిన ఇరుకు వీధి. అక్కడ జేమీసన్స్ వారి దుకాణం ఉంది. దీవి పడమటి అంచున శాండ్‌నెస్ అనే పల్లెలో వారి మిల్లు ఉన్నది. షెట్లాండ్ గొర్రెల ఉన్నిని శుభ్రం చేయడం మొదలు దారం వడకడం దాకా పని అక్కడే జరుగుతుంది. దుకాణంలో ఒక గోడ నిండా 25 గ్రాముల ఉండలు, రెండు వందలకు పైగా రంగుల్లో ఉన్నాయి. ఆ గోడ ముందు నిలబడినప్పుడు ఒక్కో ఉండను కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూడాలనిపించింది. అలా చూసినందువల్లే అసలు విషయం అర్థమైంది. ఇక్కడి చాలా రంగులు వడికిన దారాన్ని రంగులో ముంచి తీసినవి కావు. ముందు ఉన్నికే రకరకాల రంగులు వేసి, ఆ ఉన్నులను కలిపి దువ్వి, తర్వాత వడుకుతారు. అందుకే దూరానికి ముదురు ఆకుపచ్చగా కనిపించే పోగును వెలుతురులో పట్టుకుంటే అందులో నీలం, పసుపు, అక్కడక్కడ ఒక ఇటుకరంగు వెంట్రుక కూడా కనిపిస్తాయి. ఆ పోగు పక్కన ఇటుకరంగు ఊలు పెడితే, లోపలి ఆ వెంట్రుక పైకి తేలి రెండు రంగులూ చుట్టరికం కలుపుకుంటాయి. ఖరీదైన ఊలంటే మెత్తదనమే అనుకునేవాళ్లకు షెట్లాండ్ ఊలు మొదట కొంచెం గరుకుగానే తోస్తుంది. దాని సంపదంతా రంగులో ఉన్నదని నా అభిప్రాయం.

రంగు వేయని ఉన్నికి సైతం ఇక్కడ కొరత లేదు. షెట్లాండ్ గొర్రెల్లో ముఖ్యమైన రంగులు 11, ఒంటి మీది మచ్చల తీరులు 30 ఉన్నాయని లెక్క చెబుతారు. ఎర్రగోధుమ ఛాయను మూరిట్ అనీ, ముదురు బూడిద రంగును షేలా అనీ పిలుస్తారు. లెర్విక్ ఊరి ఉత్తరాన ఉన్న జేమీసన్ అండ్ స్మిత్ అనే మరో ఊలు సంస్థ గిడ్డంగిలో రైతులు తెచ్చిన బొచ్చును చేత్తో తడిమి, నాణ్యాన్ని బట్టి వేరు చేస్తారు. అక్కడి గాలిలోని గొర్రెకొవ్వు వాసన మా కోట్లను చాలాసేపు వదలలేదు.

ఫెయిర్ ఐల్ అల్లికను మేమొక తరగతిలో కూర్చుని నేర్చుకున్నాం. షెట్లాండ్‌కు, ఆర్క్‌నీ దీవులకు నడుమ ఉన్న చిన్న దీవి పేరే ఈ పద్ధతికి వచ్చింది. ఇందులో నియమం ఒక్కటే: ఒక వరుసలో రెండు రంగులకు మించి ఉండకూడదు. వాడని రంగు పోగు వెనకవైపు వదులుగా సాగుతూ పోతుంది కనుక గుడ్డ రెండు పొరలై చలిని ఆపుతుంది. వరుసకు రెండే రంగులైనా, కొద్ది వరుసలకొకసారి వెనక రంగునో, బొమ్మ రంగునో ఒక్క ఛాయ మారుస్తారు. వెనక రంగు ముదురు నుంచి లేతకు వస్తుంటే బొమ్మ రంగు లేత నుంచి ముదురుకు వెళుతుంది. బొమ్మ నడిమధ్య వరుసలో, అప్పటిదాకా ఎక్కడా వాడని ప్రకాశమైన రంగు ఒకటి వచ్చి, అక్కడి నుంచి అవే ఛాయలు వెనక్కు నడుస్తాయి. ఆ నడుమ వరుస కోసం ఉండలను బల్ల మీద పరిచి, ఒకటి తీసి మరొకటి పెడుతూ కూర్చోవడం అల్లడంతో సమానమైన సుఖం. రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయేమోనని అనుమానం వస్తే ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీసి చూడమన్నారు. చేత్తో పట్టుకుంటే ఎంతో వేరుగా కనిపించిన దానిమ్మ ఎరుపు, నాచు ఆకుపచ్చ ఆ ఫొటోలో ఒకే బూడిద రంగైపోయాయి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది కత్తెర పని. స్వెట్టరును ముందూ వెనకా ఎక్కడా ఆగకుండా గొట్టంలా గుండ్రంగా అల్లుకుంటూ పోయి, చేతులు పెట్టాల్సిన చోట అదనంగా కొన్ని కుట్లు వేసి, చివరికి ఆ కుట్ల మధ్య నిలువునా కత్తిరిస్తారు. గంటల తరబడి అల్లినదాన్ని కత్తిరించడమేమిటని మా గుండె ఝల్లుమంది. కానీ ఈ ఉన్ని వెంట్రుక పైపొలుసులు ఒకదానినొకటి పట్టుకునే రకం కాబట్టి కుట్లు జారవు, అంచు ఎక్కడిదక్కడే నిలుస్తుంది. మెషిన్‌లో ఉతికినా కుంచించుకుపోకుండా పొలుసులను అణచివేసిన మెరినో గొర్రెల మెత్తని ఊలుతో ఇలా చేస్తే కుట్లు ఊడిపోతాయి. నాకు మెరినో, పట్టు కలిపిన చేతిరంగుల చిలపలంటే నేటికీ ప్రీతే. వాటి మెత్తదనం వేళ్లకు విశ్రాంతి. ఈ పనికి మాత్రం గరుకుదనమే కావాలి.

హేస్ డాక్ ఒడ్డున 2007లో తెరిచిన షెట్లాండ్ మ్యూజియంలో పాత ఫెయిర్ ఐల్ దుస్తులను చూశాం. తొలినాటి వాటిలో ఎరుపు, నీలం ప్రధానం. మంజిష్ఠ జాతికే చెందిన మాడర్ వేరు, నీలిమందు బయటినుంచి వచ్చేవి. మచిలీపట్నం అద్దకం చీరలు చూస్తూ పెరిగిన మాకు ఆ రెండు రంగులూ పరాయివి కాలేదు. 1922లో వేల్స్ యువరాజు గోల్ఫ్ మైదానంలో ఫెయిర్ ఐల్ స్వెట్టరు వేసుకున్నాక అది ఫ్యాషనైంది. అయితే అంతకు ముందు తరాల ఆడవాళ్లు వీపున పీట్ (పొయ్యిలోకి వాడే ఎండిన బురదమట్టి) బుట్టలు మోస్తూ, నడుస్తూనే అల్లినది కడుపు కోసం. వర్తకులు వాళ్లకు డబ్బు బదులు టీ, గుడ్డలు ఇచ్చే పద్ధతి మీద 1872లో ప్రభుత్వ విచారణ సంఘం నివేదిక కూడా వెలువడింది. నడుముకు కట్టుకునే, గుర్రపు వెంట్రుకలు కూరిన తోలు బెల్టు ఆ నాటిదే. దాని రంధ్రంలో ఒక సూది కొన గుచ్చితే కుడిచేతికి బరువుండదు. ఇప్పటికీ ఆ బెల్టుతో అల్లేవాళ్ల వేళ్ల వేగాన్ని కళ్లు అందుకోలేవు.

షెట్లాండ్ దీవుల్లో ఉత్తరాన ఉన్న అన్‌స్ట్ దీవికి రెండు పడవలు మారాలి: టాఫ్ట్ రేవు నుంచి యెల్ దీవికి, అక్కడి గచర్ నుంచి అన్‌స్ట్‌కు. హరాల్డ్స్‌విక్‌లోని హెరిటేజ్ సెంటర్లో ఉన్న లేసు శాలువాలు రంగుల గురించి నా మాటలన్నింటినీ ఆపేశాయి. గొర్రె మెడ దగ్గరి సన్నని ఉన్నిని కత్తెరతో కాక చేత్తో పీకి, వెంట్రుకమందం దారంగా వడికి, రెండు పేటలు కలిపి అల్లినవవి. ఆరడుగుల చదరపు శాలువా పెళ్లి ఉంగరంలోంచి దూరిపోతుంది. అల్లడం పూర్తయ్యాక ఉతికి, చట్రానికి బిగలాగి ఆరబెడితేనే అందులోని పనితనం విచ్చుకుంటుంది. అద్దాల పెట్టె ముందు అక్క చాలాసేపు కదలలేదు.

తిరిగి లెర్విక్ చేరాక నేను స్వెట్టరుకు పదమూడు రంగులు కొన్నాను. నడుమ వరుసకు ఆవపువ్వు పసుపు ఖాయం చేసుకున్నాను. అక్క రంగుల గోడ వైపు వెళ్లకుండా రంగు వేయని సన్నని లేసు ఊలు అడిగి తీసుకుంది. "అరకు చలికి శాలువా సరిపోతుంది, స్వెట్టరెందుకే నాకు" అంటూ, అంచు నమూనా కాగితం మీద కుట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.