గాలి చదువు, అడుగు గొట్టం

పీజీలో ఏం చదువుతున్నావని మా ఊళ్లో ఎవరైనా అడిగితే నాకు టెన్షన్. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అంటే "చెట్లు పెట్టుడా?" అంటారు ఒకరు. "అండ్ల నౌకర్లుంటయా?" అంటారు ఇంకొకరు. మా బాపు మాత్రం నా ప్రాజెక్టు సంగతి విన్న రోజు తేల్చేశాడు: "వరి పొలంల గాలి పట్టి కొలుస్తవా? ఇది గాలి సదువే బిడ్డా." ఇంట్లో ఆ పేరే ఖాయమైపోయింది.

నిజానికి ఈ సబ్జెక్టు నేను కోరుకున్నది కాదు. 2022 సీపీగెట్‌లో (పీజీ ప్రవేశ పరీక్ష) కెమిస్ట్రీ సీటుకు ర్యాంకు సరిపోలేదు, ఇది వచ్చింది. డిగ్రీలో అందరికీ ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ పేపర్ ఉంటుంది కదా, సుప్రీంకోర్టు 1991 తీర్పు పుణ్యమా అని వచ్చినది. దాన్ని పరీక్ష ముందురోజు రాత్రి చదివి గట్టెక్కిన బ్యాచ్ నాది. క్లాసులో చెప్పేది మా ఊరి సంగతే అని మొదటిసారి అనిపించింది 2023 జూలైలో. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. మాది పరకాల నుంచి లోపలికి వెళ్లాలి, అంటే అవన్నీ మాకు చుట్టాలున్న ఊళ్లు. ఆ వాన వెలిసిన ఆరు నెలలకే, 2024 యాసంగిలో, బోర్లు గాలి పోయడం మొదలుపెట్టాయి. మునిగింది మేమే, ఎండింది మేమే.

నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టుకు వరి పొలంలో మీథేన్ తీసుకున్నాను. నీళ్లు నిలిచిన మడిలో మట్టికి గాలి ఆడదు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు కుళ్లిన కొయ్యలనూ వేర్లనూ తిని మీథేన్ వదులుతాయి. బురదలో కాలు పెడితే బుడబుడమని వచ్చేది కొంతే. ఎక్కువ భాగం వరి మొక్క లోపలి సన్నటి దారుల గుండానే పైకి పోతుంది. వందేళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 28 రెట్లు వేడి పుట్టించే వాయువు ఇది. మనుషుల పనుల వల్ల లోకంలో వెలువడే మీథేన్‌లో సుమారు పదో వంతు వరి మళ్ల నుంచే. 2024 వానకాలంలో మన తెలంగాణలోనే 66 లక్షల ఎకరాలకు పైగా వరి వేశారని ప్రభుత్వ లెక్క. మడిని మధ్యమధ్యలో ఆరబెట్టి మళ్లీ తడిపితే ఈ మీథేన్ సగం దాకా తగ్గుతుందని పుస్తకాల్లో ఉంది. అది మా మడిలో చూడాలని నా ఆశ.

గాలి పట్టడానికి పెట్టె కావాలి. హన్మకొండలో చేపల తొట్లు చేసే షాపులో అక్రిలిక్ పెట్టె చేయించాను. "ఎన్ని చేపలు పెడతరు మేడం?" అని అడిగాడు. వరి పెడతానంటే బిల్లు రాయడం ఆపి నా మొహం చూశాడు. ఆ పెట్టెను నాలుగు వరి కుదుళ్ల మీద బోర్లించి, పదిహేను నిమిషాలకోసారి సిరంజితో గాలి లాగి సీసాల్లో నింపేదాన్ని. మా కాలేజీ ల్యాబ్‌లో ఆ గాలిని పరీక్షించే మిషన్ ఎప్పటినుంచో రిపేరులో ఉంది. ఇంకో చోటికి పంపితే వాళ్ల వంతు వచ్చేసరికి నెల దాటింది. పెట్టెలో నిమిషం నిమిషానికీ పెరగాల్సిన మీథేన్ తగ్గినట్టు వచ్చింది. చివరి సీసాల్లో బయటి గాలిలో ఉండే 1.9 పీపీఎం (పది లక్షల పాళ్లలో 1.9 పాళ్లు) దగ్గరే ఆగింది. అంటే మూతల సందుల్లోంచి నా మీథేన్ ఎప్పుడో వెళ్లిపోయింది. అచ్చంగా గాలి చదువే అయింది.

ఇక మిగిలింది గొట్టం. మడి ఎంత ఆరిందో తెలుసుకోవడానికి పెట్టేది. నాలుగంగుళాల పీవీసీ పైపు అడుగు పొడవు కోసి, కింది సగానికి చుట్టూ బెజ్జాలు పెట్టాలి. డ్రిల్లింగ్ మిషన్ ఎక్కడిది? పెద్ద మేకును పట్టకారుతో పట్టుకుని గ్యాస్ పొయ్యి మీద ఎర్రగా కాల్చి ఒక్కో బెజ్జం పొడిచాను. వంటిల్లంతా కాలిన ప్లాస్టిక్ కంపు. "పర్యావరణం సదివేటోళ్లు చేసే పనేనా ఇది" అని మా అవ్వ తిట్టింది, సరైన మాటే. తర్వాత నుంచి ఆ పని పెరట్లో కట్టెల పొయ్యి మీద.

గొట్టాన్ని మడిలో సగం దాకా దిగగొట్టి, లోపలి బురదంతా చేత్తో తీసేయాలి. అప్పుడు బయట మట్టిలో నీళ్లు ఏ మట్టానికి ఉన్నాయో గొట్టం లోపల అదే మట్టానికి కనబడతాయి. పైన మడి ఆరినట్టు కనబడినా లోపల బెత్తెడు కింద నీళ్లుంటే వరికి ఢోకా లేదు. గొట్టం అడుగు కనబడితే మోటర్ వేసి రెండంగుళాల నీళ్లు నిలపాలి, మళ్లీ ఆగాలి. అడుగు గొట్టం, అడుగు కనబడితే మోటర్. ఈ మాట నేను సరదాకి అంటే మా పక్క పొలం కాక (బాబాయి వరస) పట్టుకున్నాడు, ఊరంతా అదే పాకింది. మీథేన్ అనే మాట మాత్రం ఇప్పటికీ ఎవరి నోటా రాదు.

బాపు నాకు ఇచ్చింది పది గుంటల మడి, అది కూడా బాటకు దూరంగా ఉన్నది. "ముందలి మడి ఇయ్య. నెర్రెలిస్తే నలుగురు నవ్వుతరు" అన్నాడు. నెర్రెలు రాకముందే నేను నవ్వులపాలయ్యాను. నాటు వేసిన పదో రోజుకే ఆరబెట్టాను. మొదటి రెండు మూడు వారాలు నీళ్లు నిలిపి ఉంచేది కలుపు లేవకుండా అన్న సంగతి నేను చదివాను, కానీ తొందరపడ్డాను. తుంగ, ఊద బుస్సున లేచాయి. కలుపు కైకిళ్లు రెండుసార్లు పెట్టాల్సి వచ్చింది. అవ్వ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ములుగు రోడ్డులోని వ్యవసాయ పరిశోధన కేంద్రానికి పోయి అడిగితే ఇంకో జాగ్రత్త చెప్పారు: పొట్ట దశ నుంచి పూత అయ్యేదాకా మడి ఆరనివ్వొద్దు, తాలు గింజలు పెరుగుతాయి. యూరియా సంగతి కూడా అక్కడే గట్టిగా అర్థమైంది. ఆరిన మడిలో యూరియా చల్లితే వెంటనే నీళ్లు పెట్టాలి. ఇష్టమొచ్చినట్టు చల్లి, తడిపి, ఆరబెడితే నైట్రస్ ఆక్సైడ్ పెరుగుతుంది. వేడి పుట్టించడంలో అది బొగ్గుపులుసు వాయువుకు 273 రెట్లు. మీథేన్ తగ్గించామని చప్పట్లు కొట్టుకునే పోస్టర్లలో ఈ ముక్క సాధారణంగా ఉండదు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. నేను మోటర్ ఆపి నాలుగు రోజులైనా గొట్టంలో నీళ్లు తగ్గవు. ఏందా అని ఒడ్డు మీద కూర్చుని చూస్తే, కాక మడిలోంచి ఎండ్రకాయ బొక్కల గుండా నీళ్లు మా మడిలోకి ఊరుతున్నాయి. ఆయన మడి చెరువులా నిండి ఉంది. బొక్కలు ఎన్ని పూడ్చినా తెల్లారేసరికి కొత్తవి. ఆ రోజు నాకు క్లాసులో ఎవరూ చెప్పని సంగతి తెలిసింది: నా మడి ఒక్కటే ఆరబెట్టడం కుదరదు. నీళ్లకు ఒడ్డు లెక్క కాదు.

కాకను అడిగితే, "నేనేడ నింపుతున్న? కరెంటొస్తే అదే నింపుతది" అన్నాడు. అది కూడా నిజమే. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. మోటర్లకు ఆటో స్టార్టర్లు ఉన్నాయి, తీసేయమని అధికారులు చెప్పినా మా దగ్గర తీసినవాళ్లు తక్కువ. కరెంటు పోయి వస్తే అన్ని మోటర్లూ ఒక్కసారే లేస్తాయి. మాది 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, దాని మీద 5 హెచ్‌పీ మోటర్లు ఎనిమిది. లెక్క ప్రకారం ఐదారుకు మించి మోయలేదు. అందుకే ప్రతి యాసంగిలో కాలిపోతుంది. కాలినప్పుడల్లా తలా ఇంత వేసుకుని, ట్రాక్టర్‌లో ఎక్కించి, బాగై వచ్చేదాకా పొలాల వైపు చూస్తూ కూర్చోవాలి.

నేను ఆ ఎనిమిది మోటర్ల వాళ్లను కూర్చోబెట్టింది ఈ ట్రాన్స్‌ఫార్మర్ పేరు మీదే. క్లైమేట్ పేరు మీద పిలిస్తే బాపు కూడా వచ్చేవాడు కాదేమో. రైతు వేదికలో ఒకసారి ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) సార్‌తో మీటింగ్ పెడితే నలుగురు వచ్చి సంతకాలు పెట్టి పోయారు. వేప చెట్టు కింద, ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే కూర్చుంటే ఎనిమిది మందీ వచ్చారు. నేను చెప్పింది ఒక్కటే: గొట్టం పెడితే రోజూ నీళ్లు అక్కర్లేదని మీకే కనబడుతుంది. రోజూ అక్కర్లేనప్పుడు నాలుగు మోటర్లు ఈ రోజు, నాలుగు రేపు వేసుకోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ కాలదు, బోరు కూడా కొంచెం ఊరుతుంది.

"నీళ్లు కనబడకుంటే నాకు నిద్ర పట్టది బిడ్డా" అన్నాడు ఒకాయన. ఆయనకు ఏం చెప్పాలో తెలియలేదు. 24 గంటల కరెంటు రాకముందు నీళ్లకోసం అర్ధరాత్రి కరెంటుకు లేచి, పాము కాట్లకూ షాకులకూ భయపడుతూ మడి తడిపిన మనిషి. మడి నిండా నీళ్లు చూస్తే ఆయనకు కలిగే నిమ్మది నా గొట్టంలో ఎక్కడిది? ఆయన ఆ యాసంగిలో ఒప్పుకోలేదు. నేనూ బలవంతపెట్టలేదు.

ఐదుగురు ఒప్పుకున్నారు. ఆటో స్టార్టర్లు విప్పించడానికే వారం పట్టింది. వంతులు స్టార్టర్ డబ్బాల మీద చాక్‌పీస్‌తో రాశాం. ఎత్తుపల్లాలున్న మళ్లలో ఒక మూల ఎండిపోయి గొడవైంది. అప్పుడు తెలిసింది దమ్ము చేసేటప్పుడే మడి సమంగా చేసుకోవాలని. ఆ మార్చిలో చుట్టుపక్కల బోర్లు ఎండిపోతుంటే మా వైపు పంట ఒడ్డెక్కింది. అదంతా గొట్టాల గొప్పేనని నేను చెప్పను. మా వంక బోర్లు కొంచెం మేలైనవి కూడా. 1010 రకం దిగుబడిలో మాత్రం బాపు మడికీ నా మడికీ తేడా లేదు. బస్తాలు ఆయనే లెక్కపెట్టాడు, రెండుసార్లు.

వైవాలో బయటి నుంచి వచ్చిన సార్ మొదటి ప్రశ్నే అడిగారు: "మీథేన్ డేటా ఏదమ్మా?" పాడైందని, ఎందుకు పాడైందో ఆరో అధ్యాయంలో రాశానని చెప్పాను. మోటర్ నడిచిన గంటల నోటుబుక్కు చూపించాను. అది బాపు రాసిందే, అగ్గిపెట్టె సైజు అక్షరాలతో. ఆయన చాలాసేపు దాన్నే తిరగేశారు. మార్కులు మామూలుగానే వచ్చాయి.

తర్వాత ఒకసారి కార్బన్ క్రెడిట్ల కంపెనీ వాళ్లు (తగ్గించిన వాయువును లెక్కగట్టి అమ్ముకునేవాళ్లు) వచ్చి, ఆరబెట్టిన మళ్లకు డబ్బులిస్తామని సంతకాలు అడిగారు. కాగితాలన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. ఎన్నేళ్లు కట్టుబడాలి, మధ్యలో మానేస్తే ఏంటి, ఎకరాకు ఎంత అని అడిగితే మళ్లీ వస్తామన్నారు. రాలేదు. "గాలికి పైసలిస్తరంటే నేను అప్పుడే అనుకున్న" అన్నాడు కాక.

ఇప్పుడు నేను హన్మకొండలో ఉద్యోగం వెతుక్కుంటూ ట్యూషన్లు చెప్తున్నాను. గొట్టాల పని బాపు చూస్తున్నాడు. పోయిన కోతల్లో తీయడం మరచిపోతే మూడు గొట్టాలు హార్వెస్టర్ కింద నలిగిపోయాయి, డ్రైవర్‌తో పెద్ద లొల్లి. ఈసారి ఒక్కోదానికి ఎర్ర గుడ్డ పీలిక కట్టారు. అవ్వ పాత చీరది.