పొట్ట మీద బ్యాగు పెట్టించుకోవాలా?

వెన్నుపాము దెబ్బతిన్నవాణ్ణి చూసి అందరూ కాళ్ల గురించే బాధపడతారు. నా పొద్దున్నల్ని మింగేసింది మాత్రం మోషన్. సపోజిటరీ (మలద్వారంలో పెట్టే మందు బిళ్ల) పెట్టుకోవడం, కమోడ్ కుర్చీలో కూర్చోవడం, గ్లౌజు వేసుకుని వేలితో లోపల మెల్లగా తిప్పడం, ఆగడం, మళ్లీ తిప్పడం. నడుము నిలవదు కాబట్టి పక్కకి వంగితే పడిపోతాను. అందుకని చాలాసార్లు ఆ పని మా ఆవిడే చేసేది. అంతసేపు కూర్చోవడంతో పిరుదుల దగ్గర చర్మం కందిపోయేది.

నా దెబ్బ టీ4 దగ్గర, అంటే వెన్నులో ఛాతీ భాగపు నాలుగో పూస దగ్గర. టీ6 దగ్గరగానీ ఆ పైనగానీ దెబ్బ తగిలినవాళ్లకి పేగు నిండితే చాలు, బీపీ ఒక్కసారిగా ఎగబాకవచ్చు. తల పగిలిపోతున్నట్టు నొప్పి, ముఖమంతా చెమట. ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అనే ఈ చిక్కు ప్రాణం మీదికి తేగలదు. వేలితో చేసే పనే ఒక్కోసారి దాన్ని రెచ్చగొట్టేది.

మలద్వారంలోంచి కాథెటర్ గొట్టంతో గోరువెచ్చని నీళ్లు ఎక్కించి పేగు కడిగే పద్ధతీ ప్రయత్నించాం. పని చేసిన రోజు హాయి, లేని రోజు మధ్యాహ్నం దాకా బట్టలు తడుస్తాయేమోనని టెన్షన్.

పెద్దపేగుని పొట్ట మీదికి తెరిచి, మలం బ్యాగులోకి వచ్చేలా చేసే కొలోస్టమీ ఆపరేషన్ మాట ఎత్తగానే అమ్మ, "అంతదాకా ఎందుకురా, ఎలాగో గడుస్తోందిగా" అంది. గడుస్తున్నది ఎవరి ఒళ్లు హూనమై? నా భయం వాసన గురించి, మంచం మీంచి కుర్చీలోకి జరిగేటప్పుడు బ్యాగు ఊడిపోతుందేమోనని. సర్జన్ దాచకుండా చెప్పారు: పేగు నడక మందంగానే ఉంటుంది, మలబద్ధకం మందులు మానలేకపోవచ్చు. స్టోమా (పొట్ట మీద తెరిచిన పేగు నోరు) పక్కన హెర్నియా రావచ్చు. వాడకంలో లేకపోయినా పురీషనాళం జిగురు వదులుతూనే ఉంటుంది. వద్దనుకుంటే చాలామందికి మళ్లీ కలపవచ్చు, కానీ అది ఇంకో ఆపరేషన్.

నాకు ధైర్యం వచ్చింది స్టోమా నర్సు దగ్గర. నన్ను పడుకోబెట్టి చూసి, వీల్‌చైర్‌లో కూర్చోబెట్టి, ముందుకి వంచి మళ్లీ చూసి, పెన్నుతో ఎడమవైపు గుర్తు పెట్టింది. "పడుకున్నప్పుడు చదునుగా ఉన్న చోటు కూర్చోగానే మడతలో పడిపోతుంది. మీ కంటికి కనపడాలి, మీ చెయ్యి అందాలి" అంది. 'మీ చెయ్యి' అన్న దగ్గర మా ఆవిడ నా వంక చూసింది. చేయించుకుంటానని ఆ సాయంత్రమే చెప్పేశాను.

స్టోమా ఎర్రగా, తడిగా, పెదవి లోపలి భాగంలా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి తెలియదు. తుడిచేటప్పుడు కాస్త రక్తం అంటితే మొదట్లో హడలిపోయాను, అది మామూలేనట. మొదటి వారాల్లో వాపు తగ్గుతుంటే దాని సైజూ తగ్గుతుంది. కొలిచి బ్యాగు రంధ్రం మళ్లీ కత్తిరించుకోవాలి. రంధ్రం పెద్దదైతే మలం తగిలి చర్మం ఒరుసుకుపోతుంది.

ఇప్పుడు బ్యాగు పని నిమిషాల్లో అయిపోతోంది, నేనే చేసుకుంటున్నాను. "దాని సంగతి మీరు చూసుకోండి, నన్ను పడుకోనివ్వండి" అంటుంది మా ఆవిడ, దుప్పటి లాక్కుంటూ. లోపల చేరే జిగురు వదిలించుకోవడానికి అప్పుడప్పుడూ కమోడ్ ఎక్కక తప్పడం లేదు, తిట్టుకుంటూనే ఎక్కుతున్నాను.