వాషర్ కొత్తది, కారడం పాతదే

సింకు పంపు ఇంకా కారుతూనే ఉంది! వాషర్ మార్చాను, ఆ వాషర్ వచ్చి ఆనే ఇత్తడి అంచుని, అంటే సీటుని, కూడా కోశాను, అయినా మూతి దగ్గర బొట్టు ఆగలేదు. పంపు మెడ తిరిగే చోట ఊరే నీళ్లు మాత్రం కొత్త ఓ-రింగులతో (గుండ్రటి రబ్బరు చుట్లు) ఆగిపోయాయి. ఆ పని అయిపోయినట్టే.

గొడవంతా సీటుదే. మొదట గ్లాసు పెట్టి పట్టి చూస్తే పది నిమిషాలకు 30 మిల్లీలీటర్లు, అంటే రోజుకు 4.3 లీటర్లు. కొత్త వాషర్‌తో 22కి దిగి అక్కడే ఆగింది. పాత వాషర్ తిప్పి చూస్తే సంగతి తెలిసింది. సీటు అంచు రబ్బరు మీద గుండ్రంగా గాడి వేస్తుంది కదా, ఆ గుండ్రం ఒకచోట తెగి ఉంది. సీటు తుడిచి, అంచుకు పలచగా లిప్‌స్టిక్ రాసి, కొత్త వాషర్‌ని మెల్లగా ఆనించి తీశాను. గోడ వైపు ఖాళీ. వాషర్‌ని సగం చుట్టు తిప్పి వేసినా ఖాళీ గోడ వైపే వచ్చింది. కాబట్టి రబ్బరు నిర్దోషి.

టార్చి వేసి చూస్తే ఇత్తడి మీద రెండు మిల్లీమీటర్ల వెడల్పు గంటు. మెత్తబడ్డ కొవ్వొత్తి మైనం అద్ది అచ్చు తీసి వెర్నియర్ కొలబద్ద పెడితే లోతు సుమారు 0.4 మిల్లీమీటర్లు. సన్నటి సందులోంచి నీళ్లు ఒత్తిడితో దూసుకుపోతూ ఇత్తడిని కోసేస్తాయి. బొట్టే కదా అని వదిలేస్తే గంటు ఇంకా పెరుగుతుంది.

సీటు కట్టర్ తిప్పాక పది నిమిషాలకు 4 మిల్లీలీటర్లు. గంటు లోతు 0.15 మిల్లీమీటర్లకి వచ్చింది. కానీ ఇప్పుడు లిప్‌స్టిక్ ముద్ర ఒక వైపు 1.5 మిల్లీమీటర్లు, ఎదుటి వైపు 0.5. కట్టర్ మరలో వదులు ఉండి వాలుగా కోసినట్టుంది. వాషర్‌ని పట్టుకునే జంపర్ ఊగుతోందేమో అని కూడా అనుమానం, కానీ కొత్త జంపర్‌తోనూ అదే ముద్ర. పీడనం ఎక్కువేమో అని కింది వాల్వు సగం మూసి చూశాను. ధార తగ్గింది, బొట్టు తగ్గలేదు. తగ్గదు కూడా, నీళ్లు పారనప్పుడు సగం మూసిన వాల్వు దాటాక కూడా పీడనం అంతే ఉంటుంది.

మూతి కారితే స్పిండిల్ (పిడితో పాటు తిరిగే కాడ) మరకు టెఫ్లాన్ టేపు చుట్టమనే సలహా ఎవరిదో గానీ, ఆ దారికీ ఈ నీళ్లకీ సంబంధమే లేదు. ఈపీడీఎం అనే రబ్బరుతో చేసిన ఓ-రింగుల దగ్గరికి డబ్ల్యూడీ-40 స్ప్రేని రానివ్వను, పెట్రోలియం నూనెకి ఆ రబ్బరు ఉబ్బుతుంది. సిలికాన్ గ్రీజు చాలు. నట్లు విప్పడానికి నిపెక్స్ కంపెనీ ప్లయర్స్ రెంచి ఖరీదే, కానీ దాని దవడలు నున్నగా ఉంటాయి గనక క్రోమ్ మీద గీత పడదు.

పావు చుట్టుతో తెరుచుకునే, లోపల సిరామిక్ బిళ్లలుండే క్వార్టర్ టర్న్ స్పిండిల్ వేసేస్తే పోతుందిగా అనిపిస్తుంది. అయితే దాని అడుగు రబ్బరు కూడా ఈ సీటు మీదే కూర్చోవాలి! తెరిచినప్పుడల్లా లేవదు గనక కొంత నయం, అంతే. పైగా పిడి తగిలే కొసన పళ్లు 20 ఉన్నాయో 24 ఉన్నాయో లెక్కపెట్టకుండా కొంటే పాత పిడి పట్టదు. అందుకే ముందు సీటు మీద కూర్చునే ప్లాస్టిక్ తొడుగు వేసి చూస్తాను. అదీ కుదరకపోతే సిరామిక్, అదీ లైను బాగా కడిగాకే, ఇసుక రేణువు చాలు ఆ బిళ్లల్ని గీయడానికి.

తర్వాత వంతు బాత్రూమ్ మిక్సర్‌ది. లోపల వేడినీళ్లు, చన్నీళ్లు కలిపే కార్ట్రిడ్జ్ 35 మిల్లీమీటర్లదో 40దో బయటికి కనబడటం లేదు, విప్పి కొలిచాకే కొంటాను.