గొంతు మీద వేలు: ఆరు వారాల లెక్క

పొద్దున్నే అయిదున్నరకి నా ఆన్‌లైన్ లెక్కల క్లాసు. అమెరికా తూర్పు తీరంలో అప్పటికి, ఈ ఎండాకాలం టైములో, రాత్రి ఎనిమిది. పిల్లలు తెలుగువాళ్లే గానీ పుట్టింది అక్కడ. గీత వాలు చెబుతూ ‘రైజ్ ఓవర్ రన్’ అన్నాను. అన్నాననుకున్నాను. అవతల ఏడో తరగతి పిల్ల కిసుక్కున నవ్వి, ‘అంకుల్, అన్నం ఎక్కడికి పరిగెడుతోంది?’ అంది. నా నోట్లోంచి వచ్చింది ‘రైస్’ అట. విజయవాడ పటమటలో ఇన్నేళ్లుగా ట్యూషన్లు చెబుతున్నా ఎవరూ నవ్వలేదు. అందరం అలాగే అంటాంగా!

ఈ తేడా పలకడం నేర్చుకుందామని ఆ పిల్లనే పరీక్షాధికారిని చేశాను. రైస్–రైజ్, ప్రైస్–ప్రైజ్, బ్యాక్–బ్యాగ్ లాంటి జంటల్లోంచి 20 మాటలు కలగాపులగంగా వాట్సాప్‌లో చదివి పంపితే, తనకి ఏది వినిపించిందో రాసి పంపుతుంది. మొదటి వారం 20కి 9. బొమ్మా బొరుసూ వేసినా అంతకంటే ఎక్కువే వచ్చేవి.

మొదట చేసింది గొంతు మీద వేలు పెట్టుకోవడం. క, గ లతో చూస్తే తేడా తెలియదు. క లో ఉన్న ‘అ’ కూడా గొంతుని మోగిస్తుంది. సాగదీయగలిగే శబ్దాలే కావాలి. స్‌స్‌స్ అంటే వేలికి ఏమీ తగలదు. నాలుక అంగుళం కూడా కదపకుండా, అదే ఊపిరికి గొంతు కలిపితే తుమ్మెద మోత వస్తుంది. అదే జెడ్. చెవులు రెండూ అరచేతులతో మూసుకుంటే తలంతా గింగురుమంటుంది. డాబా మీద ఇది చేస్తుంటే మా ఆవిడ పైకొచ్చి, ‘ఏవండీ, ఒంట్లో బాగానే ఉందా?’ అంది.

చిక్కల్లా మన జ తోనే. జీడిపప్పులో జ వేరు, జడలో జ వేరు కదా. జడ అన్నప్పుడు నాలుక కొస పళ్ల వెనక అంటుకుని ఊడుతుంది. ఆ అంటుకోవడం మానేసి, సన్నటి సందు వదిలితే జెడ్. నాకు దారి దొరికింది అక్కడే. జీడిపప్పు వైపు నుంచి బయల్దేరితే ఎప్పటికీ చేరను. స్కూటర్ మీద హెల్మెట్ లోపల ‘బెంజ్, బెంజ్’ అనుకుంటూ బెంజిసర్కిల్ దాటడం అలవాటైంది. తమాషా ఏంటంటే జర్మన్లు ఆ పేరుని ‘బెంట్స్’ అంటారు. గొంతు మోతే ఉండదు. ఇంగ్లిషువాళ్లు మోగిస్తారు. మనవాళ్లు చివర ఇకారం తగిలించి ‘బెంజి’ చేశారు.

మూడో వారానికి జెడ్ బాగానే వస్తోంది, మార్కులు మాత్రం 12 దగ్గర ఆగిపోయాయి. మా అన్నయ్య కొడుకు లాప్‌టాప్‌లో ప్రాట్ అని, పలికిన మాటని బొమ్మగా గీసి చూపించే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ వేసిచ్చాడు. ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ వాళ్లది. గొంతు మోగినంతసేపూ బొమ్మలో అడుగున నల్లటి పట్టీ కనిపిస్తుంది. నా రైస్, రైజ్ పక్కపక్కన పెట్టి చూస్తే రెండింట్లోనూ ‘ఐ’ ఒకే పొడుగు! ఇంగ్లిషులో అలా కాదు. మోగని హల్లు ముందు అచ్చు కురచవుతుంది, మోగే హల్లు ముందు సాగుతుంది. మాట చివర జెడ్ వాళ్ల నోట్లోనూ సగం మోతతోనే ఆగిపోతుంటుంది. చెవి పట్టుకునేది ఎక్కువగా ముందున్న అచ్చు పొడుగునే. బ్యాక్ టక్కున తెగాలి, బ్యా...గ్ కాస్త సాగాలి. చివర ఉకారం జారిందా, ‘బ్యాగు’ అయిపోయి అంతా పోయినట్టే. ఇది పట్టుకున్న వారమే 16 వచ్చాయి.

ఇంకో దెబ్బ మోత లేనివైపు నుంచి తగిలింది. వృత్తం చుట్టుకొలత చెబుతూ ‘పై’ అంటే ఒకడు ‘బై’ అని చెయ్యి ఊపాడు. మన ప లో గాలి ఉండదు. ఇంగ్లిషు మాట మొదట్లో ప, ట, క లకి గాలి తన్నుకు రావాలి, లేకపోతే వాళ్ల చెవికి బ, డ, గ లా తోస్తాయి. క్యాలెండర్ కాగితం చింపి పెదాల ముందు వేలాడదీశాను. ‘పై’కి కాగితం ఎగరాలి, ‘బై’కి ఎగరకూడదు. ‘స్పీడ్’లో ప కి కూడా ఎగరకూడదు, ఎస్ పక్కనుంది కాబట్టి.

బళ్లో క చ ట త పలు పరుషాలు, గ జ డ ద బలు సరళాలు అని, వాక్ + ఈశుడు వాగీశుడు అని బట్టీ కొట్టాం. ఆ పేర్ల వెనకున్నది ఈ గొంతు మోతేనని ఏ మాస్టారూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంగ్లిషులోనూ పక్కదాన్ని బట్టి మారడం ఉంది. ‘క్యూబ్డ్’లో బ మోగుతుంది కాబట్టి చివర డ్. ‘రిడ్యూస్ట్’లో స మోగదు కాబట్టి ట్, రాయడం ఇ-డి అయినా సరే. గ్రాఫులో అక్షం, అంటే యాక్సిస్, ఒకటైతే చివర స, రెండైతే ‘యాక్సీజ్’, జెడ్. ఈ ఒక్క మాట రోజుకి ఎన్నిసార్లు తప్పు పలికానో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆరో వారం 20కి 17. పోయిన మూడూ లీఫ్–లీవ్ రకమే. వ అన్నప్పుడు నా కింది పెదవి పైపళ్లకి తగలడం లేదు. అద్దం ముందు కూర్చోవాలి.

‘డివిజన్’ ఇంకా ముట్టుకోలేదు. అందులోది జ కాదు, జెడ్డూ కాదు, ష కి గొంతు కలిపితే వచ్చేదట. సోమవారం నుంచి భాగహారాలు మొదలు.